మంచుకొండల మీద డ్యూయెట్టా? రిహార్సల్ మాత్రం నల్లమలలో!

మన సినిమాల్లో ప్రేమ పుట్టిన మరుక్షణం మంచు పడుతుంది. హీరో ఉన్ని కోటు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని వస్తాడు. హీరోయిన్ మాత్రం పల్చటి షిఫాన్ చీరలో, చలి అన్న మాటే ఎరగనట్టు గంతులేస్తుంది. పల్లవి కొండ మీద, మొదటి చరణం లోయలో, రెండో చరణం మంచులో దొర్లుతూ! ఇంటర్వెల్లో బయటికొచ్చి సమోసా కొరుకుతూ, "జన్మకో శివరాత్రి... ఒక్కసారైనా అక్కడికి పోవాల్రా" అనుకోని కుర్రాడు ఎవరండీ?

తప్పేం లేదు. ఆశ పడాల్సిందే. కాని 'అక్కడికి' అంటే ఎక్కడికి? చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

'రోజా' (1992) చూసి కాశ్మీరు మంచును కళ్లకద్దుకున్న వాళ్లు లక్షల మంది. ఆ రోజుల్లో కాశ్మీరులో పరిస్థితులు బాగాలేక ఆ మంచు సన్నివేశాలు తీసింది మనాలీ ప్రాంతంలో! సరే, మనాలీకే పోదామంటారా? 'యే జవానీ హై దీవానీ' (2013)లో కుర్రకారు మనాలీ ట్రెక్కు అంటూ వెళ్లిన మంచు సన్నివేశాల్లో చాలా భాగం తీసింది కాశ్మీరులోని గుల్మార్గ్‌లో! అంటే ఒకరు మనాలీని చూపించి కాశ్మీరన్నారు, ఇంకొకరు కాశ్మీరును చూపించి మనాలీ అన్నారు. కెమెరాకి ఏ మంచయినా తెల్లగానే ఉంటుంది. టిక్కెట్టు కొని, కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని జారాలనుకునే మనకు మాత్రం ఒక కొండకీ మరో కొండకీ బోలెడు తేడా.

ఈ తేడా సంగతి రాయాల్సిన అవసరం నాకు కులూలోనో శ్రీనగర్‌లోనో రాలేదు. మన నంద్యాలలో వచ్చింది.

నలుగురు కుర్రాళ్లు - ఒక చీటీ

నంద్యాల బస్టాండు దగ్గర ఒక టిఫిన్ బండి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి వేడివేడిగా తింటూ నలుగురు స్నేహితులు నన్ను పట్టుకున్నారు. ఒకడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఒకడు సెల్‌ఫోన్ల షాపులో పని. రోజూ వ్యాయామశాలకు పోయి కండలు పెంచిన వీరుడు. మూడోవాడు బ్యాంకులో కొత్తగా చేరిన గుమాస్తా. నాలుగోవాడిది ఆళ్లగడ్డ, రాతిని చెక్కి దేవుణ్ని చేసే శిల్పుల ఇంటి బిడ్డ. నలుగురూ కలిసి ఏడాది పాటు నెలనెలా చీటీ కట్టారు. ఆ డబ్బు చేతికొచ్చింది.

"అన్నా, ఈ సంక్రాంతికి మంచులోకి పోవాలనుకుంటాండాం. ఊరికే చూసి వచ్చేదానికి కాదు, స్కీయింగు నేర్చుకోవాల. యాడికి పోతే బాగుంటాదో నువ్వే చెప్పాల" అన్నాడు సెల్‌ఫోన్ షాపు కుర్రాడు.

"యాడికైనా సరే గానీ నేను కనుమ నాటికి ఇంట్లో ఉండాల" అన్నాడు శిల్పి.

"వీడొకడు! స్వామి మీ ఊరికి నలభై రోజుల్లో ఏదో ఒకనాడు వస్తాడు కదరా!"

"ఏనాడొచ్చేదీ మా అమ్మకు తెలుసు. ఆనాడు నేను లేకుంటే ఊరుకోదు. కనుమ నాడు బయలుదేరేటప్పుడు గూడా చూడాల్సిందే."

ఏడాది కూడబెట్టిన డబ్బు. పదే రోజుల సెలవు. ఇంట్లో ఒప్పుకున్నది ఈ ఒక్కసారికే. ఇది తప్పు చోట ఖర్చయిపోతే మళ్లీ చీటీ ఎత్తేదెప్పుడు? వాళ్ల సరదాలో అంత బరువుందని నాకు ఆ రెండో ప్లేటు ఉగ్గాని దగ్గర అర్థమైంది.

ముందు వేళ్ల మీద లెక్క

నేను చెప్పిన మొదటి మాట: "మ్యాపు తర్వాత. ముందు క్యాలెండరు తియ్యండి."

నంద్యాల నుంచి కర్నూలుకో హైదరాబాదుకో చేరి ఢిల్లీ రైలెక్కాలి. హైదరాబాదు నుంచి ఢిల్లీకే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఢిల్లీ నుంచి మనాలీకి రాత్రంతా బస్సు. ఎంత చురుగ్గా వెళ్లినా పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. పదిలో ఆరు పోయాయి. మిగిలినవి నాలుగు. దక్కను ఎండల్లో పుట్టి పెరిగిన మనం ఒక్కసారిగా రెండున్నర వేల మీటర్ల ఎత్తుకు పోతే మొదటి రోజు నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. ఆ రోజు ఒంటికి విశ్రాంతి ఇవ్వాల్సిందే. ఇక మూడు! స్కీ పలకల మీద నిలబడటం, పడటం, పడి లేవటం, ఆగటం... ఈ నాలుగూ వచ్చేసరికే ఆ మూడు రోజులూ అయిపోతాయి. సరిగ్గా రుచి తెలిసే నాటికి తిరుగు బస్సు!

రెండో మాట: సంక్రాంతికి మంచు ఉంటుందని ఎవరు చెప్పారు? మంచుకు మన పంచాంగంతో పని లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ కొండలు చాలా రోజులు మంచు లేక మట్టిరంగులో కనిపించాయి. నెలాఖరుకు గాని కురవలేదు. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. దేశం నలుమూలల నుంచి వచ్చే ఆటగాళ్లకే తప్పని తిప్పలు మన నలుగురికి తప్పుతాయా? స్కీయింగు కోసమే పోయేవాళ్లకు జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి నెల మేలు. అప్పుడైనా గది, బండి, రైలు డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలో బుక్ చేసుకుని, బయలుదేరే ముందు అక్కడి మంచు కబురు తెలుసుకోవాలి.

నలుగురి మొహాలూ వాడిపోయాయి. శిల్పి ఒక్కడే లోలోపల సంతోషించాడు. ఫిబ్రవరి అంటే కనుమ దాటిపోతుంది మరి!

ఏ కొండ ఎలాంటిది?

హీరోయిన్ ఎంపికలో నిర్మాత పడే తంటాలన్నీ ఇక్కడా ఉన్నాయి. అందం ఒకరిది, డేట్లు ఒకరివి, ఖర్చు ఇంకొకరిది!

సిమ్లా దగ్గర కుఫ్రీ: పేరు పెద్దది. సిమ్లాకు దగ్గర కాబట్టి జనం ఎక్కువ, గుర్రాలు ఎక్కువ, మంచు నిలిచేది తక్కువ. అదే రోడ్డులో ఇంకా పైకి, సిమ్లా నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే నార్కండ. సుమారు 2,700 మీటర్ల ఎత్తు. వాలు చిన్నదే. హడావుడి లేని చోట పడి లేవాలనుకునేవాళ్లకు బాగుంటుంది, మంచు పడ్డ రోజుల్లో.

మనాలీ దగ్గర సొలాంగ్ లోయ: మనాలీ నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. ఇక్కడ నేను కళ్లారా చూసిన తంతు ఒకటి చెప్పాలి. దారిలో అద్దె కోటు, అద్దె బూట్లు. దిగగానే ఒకాయన మీ కాళ్లకు పలకలు బిగిస్తాడు. నడుం పట్టుకుని పదడుగులు తోస్తాడు. తోడొచ్చినవాళ్లు ఫోటో తీస్తారు. అంతే, స్కీయింగు అయిపోయింది! ఫోటోలో మాత్రం మీరు ఒలింపిక్స్ వీరుడే. ఫోటో చాలనుకునే వాళ్లకు ఇది న్యాయమైన బేరమే. నేర్చుకోవాలనుకునే వాళ్లకు మనాలీలో అటల్ బిహారీ వాజపేయి పర్వతారోహణ సంస్థ ఉంది. రెండు వారాల స్కీ కోర్సు నడుపుతారు. ముందుగా దరఖాస్తు పెట్టాలి, ఆరోగ్యం బాగుందని డాక్టరు కాగితం చూపాలి. తిండీ బసా క్రమశిక్షణా అన్నీ వాళ్లవే. కాని పద్నాలుగు రోజులకు ప్రయాణం ఆరు రోజులు కలిపితే ఇరవై! బ్యాంకు గుమాస్తా ఆ అంకె వినగానే తల అడ్డంగా ఊపాడు.

ఉత్తరాఖండ్‌లో ఔలీ: ఓక్, దేవదారు చెట్ల మధ్య పొడుగాటి వాలు, ఎదురుగా నందాదేవి శిఖరం. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరిగాయి. ఏడు రోజుల కోర్సు, పద్నాలుగు రోజుల కోర్సు అని రెండు రకాలు నడిపే ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్లకు అనువైన వాలు. కాని హరిద్వార్ నుంచి జోషీమఠ్ (ఇప్పుడు జ్యోతిర్మఠ్ అంటున్నారు) దాకా కొండదారిలో పగలంతా ప్రయాణం. 2023 జనవరిలో ఆ ఊళ్లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఔలీకి పోయే నాలుగు కిలోమీటర్ల రోప్‌వేను ఆపేశారు. వెళ్లేవాళ్లు రోడ్డు సంగతీ, మంచు సంగతీ కనుక్కుని బయలుదేరాలి.

ఇక గుల్మార్గ్: సుమారు 2,650 మీటర్ల ఎత్తు. 'బాబీ' (1973) పాట తీసిన గుడిసెను 'బాబీ హట్' అనే పిలుస్తారు ఇప్పటికీ. మన దేశంలో మంచు విషయంలో దీనికి సాటి లేదు. శ్రీనగర్‌కు యాభై కిలోమీటర్లు. 2025 జూన్‌లో కాట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ రైలు మొదలయ్యాక ఆ చివరి మజిలీ మూడు గంటల ప్రయాణమైంది. పైకి గోండోలా ఉంది. 1998లో మొదటి అంచె, 2005లో రెండో అంచె వేశారు. రెండో అంచె ఎక్కితే అఫర్వాట్ పర్వతం మీద నాలుగు వేల మీటర్ల దరిదాపుల్లో దింపుతుంది.

"అన్నా, మనం నేరుగా ఆ రెండో అంచెకే పోదాం!" అన్నాడు కండల వీరుడు.

ఇక్కడే బ్రేకు వెయ్యాలి. ఆ పై వాలు తొక్కి చదును చేసిన మైదానం కాదు. ఎక్కడ మంచు పెళ్ళలుగా విరిగి కిందికి దూకుతుందో తెలియని చోటు. 2023 ఫిబ్రవరిలో ఆ కొండ మీదే మంచుచరియలో పడి ఇద్దరు పోలెండు స్కీయర్లు పోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయరు పోయాడు. వాళ్లు ఆరితేరినవాళ్లు వెళ్లే దారుల్లోకి వెళ్లినవాళ్లు. నిన్నటిదాకా మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడనివాడికి అక్కడ పనేముంది? గుల్మార్గ్‌లో కింద, ఊరి పక్కనే, పిల్లల పలక లాంటి చిన్న వాలులున్నాయి. రోజు లెక్కన లైసెన్సు ఉన్న గురువును పెట్టుకుని ఐదు రోజులు అక్కడే దిద్దుకోవాలి. గోండోలా ఎక్కండి, కొండ చూడండి, గోండోలాలోనే దిగండి!

ఇంతకీ స్కీయింగులో మొదట నేర్పేది జారడం కాదు, ఆగడం. పలకల ముందుకొనలు దగ్గరగా, వెనుకకొనలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, లోపలి అంచుల మీద బరువు మోపితే వేగం తగ్గుతుంది. అంటే భారమంతా మోకాళ్ల మీద, తొడల మీద. భుజాల కండలకు అక్కడ పెద్దగా వేషం లేదు!

"మరి మా మోకాళ్లు పనికొస్తాయో లేదో తెలిసేదెట్లా?" అన్నాడు డిగ్రీ కుర్రాడు.

దానికి గుల్మార్గ్ దాకా పోనక్కర్లేదు. ఆళ్లగడ్డ దాకా పోతే చాలు.

మహానందిలో చలి పరీక్ష - ఫెయిలు!

ముందు చలికి ఒంటిని అలవాటు చెయ్యాలని వాళ్లే ఒక పథకం వేశారు. జనవరి మొదటి ఆదివారం తెల్లవారుజామున మహానంది కోనేట్లో మునగాలట! నంద్యాల నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడుగునా అరటితోటలు, పొగమంచు. నాలుగు శాలువాల్లోంచి నాలుగు ముక్కులు మాత్రం కనబడుతున్నాయి. గుడి బయటి కోనేట్లోకి, గుండె చిక్కబట్టుకుని, ఒకేసారి దూకారు.

"అన్నా! ఇదేంది, నీళ్లు గోరువెచ్చగా ఉండాయి!"

ఉండవా మరి! నల్లమల అడుగు నుంచి ఊరే ఊట అది. నేల లోతుల్లోంచి వచ్చే నీటికి ఏడాది పొడుగునా వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా తోచేది నీటి మార్పు వల్ల కాదు, బయటి గాలి మార్పు వల్ల. అడుగున పడ్డ నాణెం పైకి కనపడేంత తేట. ఆ నీరే బయటికి పారి అరటితోటలను తడుపుతుంది. చలి పరీక్ష ఫెయిలైనా, ఎవడూ గంట దాకా గట్టెక్కలేదు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో తక్కినవీ చూద్దామని బయలుదేరితే ఆ సాయంత్రం హాయిగా గడిచింది.

అహోబిలంలో మోకాళ్ల పరీక్ష

అసలు పరీక్ష మర్నాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి ఇంకో పాతిక ముప్ఫై కిలోమీటర్లు పోతే దిగువ అహోబిలం, మరో ఎనిమిది పోతే ఎగువ అహోబిలం. తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఈ కొండల్లో ఉన్నాయి. కొన్నింటికి బండి పోతుంది, కొన్నింటికి కాళ్లే బండి.

ఎగువ గుడి దాటి భవనాశిని వాగు పట్టుకుని నడిచాం. రాళ్లు, మెట్లు, మళ్లీ రాళ్లు. ఒక పక్క నిలువుగా లేచిన ఎర్రటి బండలు, పైనుంచి సన్నగా రాలే నీటి తుంపర. జ్వాలా నరసింహస్వామి గుడి ఆ బండ ఒడిలో ఉంటుంది. హిరణ్యకశిపుణ్ని స్వామి చీల్చింది ఇక్కడేనని నమ్మకం. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా, రోజారమణి ప్రహ్లాదుడిగా చేసిన 'భక్త ప్రహ్లాద' (1967) చూసినవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం నిలబడండి. మన తొలి తెలుగు టాకీ కథ కూడా ఇదే కదా! సెట్టులోని స్తంభం ఒకటి, ఈ ఉగ్రస్తంభం ఒకటి. కొండకు కొండే నిలువునా చీలి నిలబడితే ఏ ఆర్ట్ డైరెక్టరు సాటి వస్తాడు?

ఉగ్రస్తంభం ఎక్కేదారి నిజంగా కఠినం. ఎక్కేటప్పుడు పరీక్ష ఊపిరితిత్తులకు. కండల వీరుడు అందరికంటే ముందు పైకి పోయి జెండా దగ్గర ఫోటో దిగాడు. డిగ్రీ కుర్రాడు రెండుసార్లు కూర్చున్నాడు. శిల్పి మెల్లగా, మాట్లాడుకుంటూ వచ్చాడు.

దిగేటప్పుడు కథ తిరగబడింది!

వీరుడి మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. కాలు వంచి బరువు ఆపుకోవడం చేతకాక ప్రతి అడుగూ దబ్బున వేస్తున్నాడు. సగం దారిలో చేతికర్ర అడిగి తీసుకున్నాడు. శిల్పి మాత్రం మేకపిల్లలా రాయి మీంచి రాయి మీదికి చప్పుడు లేకుండా దిగిపోతున్నాడు. పదేళ్లుగా రోజంతా గొంతుకు కూర్చుని ఉలి పట్టిన తొడలవి!

"ఒరే, నువ్వు వ్యాయామశాలకు ఎంత కడతాండావురా?" అన్నాడు తీరిగ్గా. వీరుడు పలకలేదు.

కింద వాగు ఒడ్డున కూర్చున్నప్పుడు వాళ్లకు చెప్పాను. మంచు మీద మూడో రోజు తేలే సంగతి ఈ కొండ ఒక్క రోజులో తేల్చింది. ఎవడి మోకాలు ఎంతో తెలిసింది కాబట్టి నెల రోజుల సమయం చేతిలో ఉంది. గుంజీళ్లు తియ్యండి. మెట్లు ఎక్కడం కాదు, దిగడం అలవాటు చేసుకోండి.

అహోబిలం పోయే పాఠకులకూ ఒక మాట. ఇది పులులు తిరిగే నల్లమల. ఒంటరిగా వద్దు. దారి తెలిసిన స్థానికుణ్ని తోడు తీసుకోండి. పొద్దున్నే ఎక్కి ఎండ వాలేలోగా దిగండి. నీళ్లు దగ్గర పెట్టుకోండి, కోతులకు కనబడకుండా! కర్నూలు, నంద్యాల ప్రాంతాల ఎండలు ఎరిగినవాళ్లెవరూ ఏప్రిల్, మే నెలల్లో ఈ రాళ్లు ఎక్కమని చెప్పరు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి... అదీ దీని సీజను.

సినిమా చూపించని ఆళ్లగడ్డ

ఈ నలుగురూ కాశ్మీరు గురించి సినిమా చూసి ఎంత తెలుసుకున్నారో, మన కోస్తా, తెలంగాణ కుర్రాళ్లు ఆళ్లగడ్డ గురించి సినిమా చూసి అంతే తెలుసుకున్నారు. ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని ఈ పేరు వినగానే గాల్లోకి లేచే సుమోలు, నాటు బాంబులు గుర్తొస్తాయి. 'ఒక్కడు' (2003)లో కర్నూలు కొండారెడ్డి బురుజు అసలుది, చార్మినార్ సెట్టు. 'సరిలేరు నీకెవ్వరు' (2020)కి వచ్చేసరికి కొండారెడ్డి బురుజే రామోజీ ఫిల్మ్‌సిటీలో సెట్టయింది. తెర మీద ఏది అసలో ఏది సెట్టో మనం తేల్చలేం. ఊరికి వచ్చి చూడాల్సిందే.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన వినబడే చప్పుడు బాంబులది కాదు, ఉలులది. టకటక... టకటక... పొద్దుటి నుంచీ అదే తాళం. సగం చెక్కిన నందులు, ముఖం ఇంకా తెరుచుకోని అమ్మవార్లు, లారీ కోసం గడ్డిలో చుట్టి పెట్టిన ఆంజనేయస్వాములు. మన శిల్పి తన పాక చూపించాడు. ఒక రాతిని సుత్తితో కొట్టాడు. గంటలా మోగింది. పక్కదాన్ని కొట్టాడు. మూగగా చప్పుడైంది.

"దీంట్లో లోపల పగులుంది. పైకి ఇదే నున్నగా ఉంటాది. ఫోటో చూసి ఎవురూ రాయి కొనరన్నా. కొట్టి వినాల."

స్కీ ఊరి ఎంపిక గురించి నేను గంటసేపు చెప్పిందంతా వాడు ఒక్క సుత్తి దెబ్బలో చెప్పాడు!

కనుమ నాడు మళ్లీ అహోబిలంలోనే ఉన్నాం. పారువేట ఆనాడే మొదలు. చెంచులు బాణాలు వేసి స్వామి పల్లకిని సాగనంపుతారు. నరసింహుడు చెంచుల అల్లుడు కదా! అంజలీదేవి, అక్కినేని నటించిన 'చెంచులక్ష్మి' (1958) కథ మీకు తెలిసిందే. తన పెళ్లికి తనే ఊరూరా పిలుపులకు బయలుదేరినట్టు స్వామి నలభై రోజులకు పైగా, ముప్ఫైకి మించిన పల్లెల్లో తిరుగుతాడు. ఏ ఊళ్లో పల్లకి దిగితే ఆ ఊళ్లో ఆనాడు పండగ. ఉద్యోగాలకు పోయినవాళ్లు తిరిగొస్తారు. ఆడపడుచులు పుట్టింటికొస్తారు. సంక్రాంతికి మంచులోకి పోయి ఉంటే మన శిల్పి పోగొట్టుకునేది ఏమిటో తక్కిన ముగ్గురికీ ఆనాడు తెలిసింది. "సెలవు ఎక్కడ గడపాలి అన్నది మ్యాపు ఒక్కటే తేల్చదు" అని డిగ్రీ కుర్రాడు పెద్దమనిషిలా అన్నాడు.

చివరికి ఏం తేల్చారు?

ఫిబ్రవరి రెండో వారంలో గుల్మార్గ్. పన్నెండు రోజులు సెలవు. రానూపోనూ ఆరు, ఊపిరికి ఒకటి, కింది వాలు మీద గురువు దగ్గర ఐదు. పల్లకి వాళ్ల ఊరికి వచ్చే తేదీ దాటాకే రైలు. గుల్మార్గ్‌లో మంచు చాలకపోతే ఔలీ, అదీ కాకపోతే ఏకంగా మరుసటి ఏడాది. డబ్బు చీటీ పెద్దమ్మ దగ్గరే భద్రం. కండల వీరుడు ఆదివారం ఆదివారం అహోబిలం మెట్లు దిగుతున్నాడు. ఎక్కడం సంగతి ఇప్పుడు ఎత్తడం లేదు!

మీరూ నలుగురు స్నేహితులై ఇలాంటి ఆలోచనలో ఉంటే ఈ ప్రశ్నలు వేసుకోండి. మంచు మీద నిజంగా మిగిలేవి ఎన్ని రోజులు? ఆ వారంలో అక్కడ మంచు పడే అవకాశం ఎంత? కొత్తవాళ్లకు చిన్న వాలు ఉందా? నేర్పే మనిషి ఉన్నాడా, తోసే మనిషి ఉన్నాడా? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఎంత దూరం? వీటికి జవాబు దొరికిన చోటే మీకు సరైన చోటు, దాని పేరు పోస్టరు మీద ఉన్నా లేకపోయినా. ఇంకో మాట: నల్ల కళ్లద్దాలు స్టయిలుకు కాదు, తప్పనిసరి. మంచు మీది ఎండ కళ్లను మన మే నెల ఎండకంటే దారుణంగా కొడుతుంది.

మంచు మాకొద్దు, శీతాకాలం చాలు అంటారా? అయితే నంద్యాల్లో దిగండి. బనగానపల్లె మీదుగా యాగంటికి పోండి. కొండ గుహలు, కోనేరు, ఏటేటా పెరుగుతాడని చెప్పుకునే నందీశ్వరుడు ఉన్నారు. దగ్గర్లోనే రవ్వలకొండ. ఎన్టీఆర్ 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' (1984) చూసినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కాలజ్ఞానం రాసింది అక్కడి గుహలోనేనంటారు. 2016లో వేసిన నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం బనగానపల్లె మీదుగానే పోతుంది. ఇంకాస్త అవతల బెలుం గుహలు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర మనం నడవొచ్చు. లోపల ఉక్కగా ఉంటుంది కాబట్టి దానికీ చలికాలమే మంచిది. మూడు రోజులు, ఒక చేతిసంచి, ఒక శాలువా చాలు.

గుల్మార్గ్ పోయేవాళ్లు పోయి రండి. కాని రైలెక్కే ముందు ఒక ఆదివారం ఇటు వచ్చి ఉగ్రస్తంభం ఎక్కి దిగండి. దిగాక మర్నాడు పొద్దున మంచం మీంచి లేవగలిగితే, టిక్కెట్టు కొనుక్కోవచ్చు!